కొల్లేటి మార్పు చేప: గుర్తింపు, వంట

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన కొల్లేరు సరస్సు చుట్టుపక్కల మంచినీటి చేపలను వాడుకలో తెల్లచేపలనీ, నల్లచేపలనీ రెండు తెగలుగా చెప్పుకుంటారు. పొలుసులు మెరుస్తూ, చెరువులో మేత వేసి పెంచడానికి అనువుగా ఉండే బొచ్చె, శీలావతి, మోసు వంటివి తెల్లచేపలు. బురదలో మసలుతూ, నీటిలో కరిగిన ప్రాణవాయువు చాలనప్పుడు పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగల కొరమీను, మట్టగిడస, గొరక, ఇంగిలాయి, మార్పు వంటివి నల్లచేపలు. ఈ రెండవ తెగలో కొరమీనుకు గిరాకీ ఏనాడూ తగ్గలేదు. మార్పు సంగతి వేరు. లంక గ్రామాల వంటిళ్ళలో ఆదరణ పొందిన ఈ చేపను నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలో చాలామంది చూడగానే ముఖం తిప్పుకుంటున్నారు. అమ్మేవాడు దాని పేరు చెప్పినా నమ్మేవారు తక్కువ. దీనికి కారణం ఆ చేప రుచిలో గాని, గుణంలో గాని లేదు. దానిని పోలిన పరదేశపు చేప ఒకటి వచ్చి, తన చెడ్డపేరును దీనికి కూడా అంటించడమే అసలు కారణం. కనుక మార్పును తినడం గురించి చెప్పాలంటే ముందుగా దానిని గుర్తుపట్టడం గురించి చెప్పవలసి ఉంటుంది.

మార్పు పొలుసులు లేని చేప. ఒళ్ళంతా జిగురుతో జారిపోతూ ఉంటుంది. తల అణచినట్లు బల్లపరుపుగా, పైన గట్టి ఎముక పలకతో కప్పబడి ఉంటుంది. నోటి చుట్టూ నాలుగు జతల మీసాలు ఉంటాయి. కళ్ళు చాలా చిన్నవి కాబట్టి బురదనీటిలో ఆహారాన్ని వెదకడానికి దీనికి ఆ మీసాలే ఆధారం. వీపు మీద రెక్క తల వెనుక కొద్ది దూరంలో మొదలై దాదాపు తోక వరకు ఒకే అంచులా సాగుతుంది గాని తోకరెక్కతో కలిసిపోదు. తోక గుండ్రంగా ఉంటుంది. మొప్పల వెనుక ఇరుప్రక్కలా ఉన్న రెక్కలకు ముందు అంచున ఒక్కొక్క గట్టి ముల్లు ఉంటుంది. పట్టుకోవడం తెలియనివారి చేతిని చీల్చేది ఇదే. రంగు నీటిని బట్టి మారుతుంది: నల్లమట్టి కయ్యలలో దొరికినది ముదురు బూడిద రంగులోను, ఎర్రనీటి కాలువలలో దొరికినది గోధుమ, ఎరుపు కలిసిన ఛాయలోను కనిపిస్తుంది. అందువల్ల రంగును నమ్మి ఈ చేపను గుర్తుపట్టడం మంచి పద్ధతి కాదు.

మొప్పల పైభాగాన, తలలోని గదులలో, ఎర్రగా, కొమ్మలు వేసినట్లుండే ఒక అవయవం దీనికి అదనంగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని శాఖాకార శ్వాసాంగం అంటారు. మొప్పలు నీటి నుండి ప్రాణవాయువును తీసుకుంటే ఇది గాలి నుండి తీసుకుంటుంది. వేసవిలో కొల్లేటి నీరు తగ్గి, గుర్రపుడెక్క, తూడు కుళ్ళి, తెల్లచేపలు తేలిపోయే రోజులలో కూడా మార్పు బ్రతికి ఉండడానికి ఇదే ఆధారం. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు దీనిని పైకి రానివ్వకుండా అడ్డుకుంటే మాత్రం చేప అయి ఉండి కూడా ఉక్కిరిబిక్కిరై చనిపోతుంది. తొలకరి వానలు పడిన రాత్రులలో ఇది రెక్కల ముళ్ళను నేలకు ఊతగా మోపి, ఒంటిని మెలికలు తిప్పుతూ ఒక మడుగు నుండి మరొక మడుగుకు ప్రాకిపోతుంది. గాలి పీల్చే భారతీయ మత్స్యాల జీవన విధానం మీద 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో విపులమైన వ్యాసం ప్రకటించిన బి. కె. దాస్ తరువాతి కాలంలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఈ తెగ చేపలను గురించిన ఆధునిక పరిజ్ఞానానికి పునాదులు వేసిన వారిలో తెలుగునాట పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఒకరుండడం మన పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని సంగతి.

శాస్త్ర గ్రంథాలలో దీని పేరు చాలాకాలం తికమకగా ఉండేది. ఫ్రాన్సిస్ బుకానన్‌గా పుట్టి తరువాత హామిల్టన్ అనే ఇంటిపేరు స్వీకరించిన స్కాట్లండు వైద్యుడు 1822లో గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలో, బెంగాలీలు పిలిచే మాగూర్ అన్న పేరునే దీనికి శాస్త్రీయ నామంగా ఇచ్చాడు. తరువాతి వారు దీనిని జావా ద్వీపపు చేపతో ఒకటిగా భావించి క్లేరియస్ బట్రాకస్ అనసాగారు. 2008లో జావా చేప వేరు, భారతదేశపు చేప వేరు అని తేలడంతో హామిల్టన్ పెట్టిన పేరే తిరిగి నిలిచి, నేడు మన మార్పు క్లేరియస్ మాగూర్ అయింది. బీహారు ప్రభుత్వం రాష్ట్ర మత్స్యంగా గౌరవించినది ఈ చేపనే.

మార్పును పోలినవి రెండు ఉన్నాయి. మొదటిది ఇంగిలాయి, ఇది కూడా మన నేల చేపే, తినడానికి ఎంతో మంచిది. దీనికి కూడా మీసాలు నాలుగు జతలే ఉంటాయి గాని, వీపు మీద రెక్క మార్పుకు ఉన్నట్లు పొడుగ్గా సాగదు. తలకు కొంచెం వెనుకగా చిన్న కుచ్చులా నిలిచి అక్కడితోనే ఆగిపోతుంది. ఒళ్ళు ప్రక్కలకు నొక్కినట్లు పలుచగా ఉంటుంది. శాఖాకార శ్వాసాంగానికి బదులు దీనికి మొప్పల నుండి తోక దిక్కుగా సాగే రెండు పొడుగాటి గాలితిత్తులు ఉంటాయి. ఇంగిలాయిని గుర్తుపట్టడంలో పొరపడితే కలిగే నష్టం రుచికి సంబంధించినది కాదు, నొప్పికి సంబంధించినది: దీని ప్రక్క ముళ్ళ మొదట విషగ్రంథులు ఉంటాయి. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచి గంటల తరబడి సలుపుతుంది. ఆ విషం వేడికి విరిగిపోయే స్వభావం కలది కాబట్టి, గాయపడిన చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో కొంతసేపు ఉంచి, ఆ తరువాత వైద్యుని దగ్గరకు వెళ్ళడం మంచిది.

రెండవది ఆఫ్రికా చేప. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది ప్రాంతంలో పర్యటించిన ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు విలియం బర్చెల్ దీనిని తొలిసారిగా వర్ణించినది కూడా, విచిత్రంగా, హామిల్టన్ గ్రంథం వెలువడిన 1822లోనే. దీని శాస్త్రీయ నామం క్లేరియస్ గేరీపైనస్. 1990 దశకం తొలి సంవత్సరాలలో ఇది అధికార అనుమతి ఏదీ లేకుండా బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుండి ఆంధ్ర చెరువులకు చేరింది. ఉత్తరాదిలో దీనిని థాయ్ మాగూర్ అంటారు. మన ప్రాంతంలో దీని పేరు ఉత్త క్యాట్‌ఫిష్. మార్పు ఏడెనిమిది నెలల పెంపకంలో నూరు, నూటయాభై గ్రాములకు మించి పెరగడం అరుదు కాగా, ఇది కొద్ది నెలలలోనే కిలో బరువుకు వస్తుంది. స్వేచ్ఛగా పెరిగితే మనిషి పొడుగుకు, పదుల కిలోల బరువుకు చేరుతుంది. ఏది వేసినా తింటుంది. ఈ గుణమే దానికి చెడ్డపేరు తెచ్చింది: కోళ్ళ దుకాణాల వ్యర్థాలను, కబేళాలలో మిగిలినవాటిని తెచ్చి చెరువులో కుమ్మరించి, ఖర్చు లేకుండా దీనిని పెంచే అక్రమ వ్యాపారం కొల్లేటి చుట్టుపక్కలా, ఇతర జిల్లాలలోనూ పాతుకుపోయింది. కేంద్ర ప్రభుత్వం 2000లో దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా వీటిని నిర్మూలించాలని ఆదేశించింది. అయినప్పటికీ గుంతలు తవ్వి ఈ చేపలను పూడ్చివేస్తున్న వార్తలు పత్రికలలో ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

ఈ నిషేధాన్ని గురించి ప్రజలలో ఉన్న ఒక అపోహను ఇక్కడ సరిదిద్దవలసి ఉంది. ఆ చేప పుట్టుకతో విషపూరితమైనది కాదు. నైజీరియా వంటి దేశాలలో కోట్లమందికి అది నిత్యాహారం. నెదర్లాండ్స్‌లో దానిని శుభ్రమైన తొట్లలో పెంచి తింటారు. నిషేధానికి మూలకారణం అది మన నీళ్ళలోకి తప్పించుకొని పోయి చిన్న చేపలను, కప్పలను, ఇతర జలచరాలను తినివేయడం. రాజస్థాన్‌లో పక్షులకు ప్రసిద్ధి పొందిన కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలోకి ఇది చొరబడితే అధికారులు వలలు వేసి తొలగించవలసి వచ్చింది. కొల్లేరు కూడా పక్షుల అభయారణ్యమే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యంగా ప్రకటించగా, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చోటు దక్కింది. బుడమేరు, తమ్మిలేరు పొంగి చెరువు గట్లు మునిగే వరదకాలంలో అక్రమ చెరువులోని చేప సరస్సులోకి రాకుండా ఆపే ఉపాయం ఏదీ లేదు. ఇక ఆరోగ్యానికి సంబంధించిన భయం చేపజాతిని బట్టి కాదు, దానికి వేసే మేతను బట్టి పుట్టినది. కుళ్ళిన మాంసం తిని పెరిగిన చేపను తినకపోవడమే వివేకం. ఇంతకూ మార్పు బంధువులు కూడా అన్నిచోట్లా మర్యాదస్థులు కారు: ఆగ్నేయాసియా నుండి తెప్పించిన క్లేరియస్ చేపలు 1960 దశకంలో అమెరికాలోని ఫ్లారిడాలో పెంపకపు చెరువుల నుండి తప్పించుకొని, రోడ్ల మీద ప్రాకుతూ అక్కడివారికి తలనొప్పిగా మారాయి.

మార్పును ఆఫ్రికా చేప నుండి వేరుచేసి గుర్తుపట్టడానికి మొదటి ఆధారం పరిమాణం. అరకిలో దాటిన చేపను మార్పు అని అమ్మితే అనుమానించాలి; కిలో దాటితే అనుమానం కూడా అనవసరం. రెండవ ఆధారం ఒంటి మీది మచ్చలు. ఆఫ్రికా చేప ఒళ్ళు చాలావరకు బూడిద, ఆకుపచ్చ ఛాయలు కలిసిన మరకలతో పాలరాతి మీది చారలలా ఉండి, పొట్ట తెల్లగా ఉంటుంది. మార్పు ఒళ్ళు ఇంచుమించు ఒకే రంగులో ఉంటుంది. అయితే ఇందాక చెప్పినట్లు రంగు నీటిని బట్టి మారుతుంది కాబట్టి ఇది తోడు సాక్ష్యమే గాని తుది తీర్పు కాదు. తుది తీర్పు తలఎముకది. తల పైనున్న ఎముక పలక వెనుక అంచును బొటనవ్రేలితో తడిమితే, మార్పులో అది నడుమ ఒకే ఒక కోణంగా వీపు వైపు పొడుచుకొని వచ్చినట్లు తెలుస్తుంది. ఆఫ్రికా చేపలో ఆ అంచు ఆంగ్ల అక్షరం డబ్ల్యూ ఆకారంలో, నడుమ ఒకటీ ప్రక్కలకు రెండూ మొనలతో ఉంటుంది. చర్మం జిగురుగా ఉన్నా వ్రేలికి ఈ తేడా తెలుస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొందరు పెంపకందారులు ఆడ మార్పునూ మగ ఆఫ్రికా చేపనూ కలిపి సంకర పిల్లలను పుట్టించారు. వాటి తలఎముక రెండింటికీ నడుమ ఆకారంలో ఉంటుంది కాబట్టి, అటువంటి చేప విషయంలో బరువూ, మచ్చలూ, ఎముకా మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

అసలైన మార్పు అరుదు కావడం వెనుక ఆఫ్రికా చేప ఒక్కటే లేదు. వానాకాలంలో పల్లపు వరిచేల గట్ల క్రింద, లోతులేని నీటిలో బొరియ చేసుకొని ఇది గుడ్లు పెడుతుంది. మగచేప వాటికి కాపలా ఉంటుంది. చేలలోకి పురుగుమందులు వచ్చాయి. తరువాత చేలే చెరువులయ్యాయి. చెరువులో తెల్లచేప పిల్లలను వదిలే ముందు రైతులు హెక్టారుకు 2,500 కిలోల వరకు ఇప్పచెక్క, అనగా ఇప్పగింజల నుండి నూనె తీయగా మిగిలిన పిండి, చల్లుతారు. అందులోని నురుగు పదార్థం చేపల రక్తకణాలను నాశనం చేసి, అప్పటికి చెరువులో ఉన్న చేపలన్నింటినీ చంపుతుంది. కలుపుచేపలను తీసివేయడమని దీనికి పేరు. ఆ కలుపులో మార్పు, మట్టగిడస, గొరక అన్నీ చేరిపోతాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైన చేపను ఇక్కడ కలుపుగా లెక్కించడం విచారకరం. పెంచుకోవడం కూడా సులువు కాదు: తెల్లచేపలలో మగచేప పొట్ట నొక్కి వీర్యం తీసుకోవచ్చు గాని, మార్పులో అలా వీలుపడదు, మగచేపను కోసి వృషణాలు తీయవలసిందే. అందుచేత దీని పిల్ల ఖరీదు ఎక్కువ. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున తొలగించినప్పుడు నాటుచేపలు తిరిగి పెరుగుతాయన్న ఆశ కలిగింది. కాని గట్లు మళ్ళీ లేచిన చోట్ల ఆ ఆశ నిలవలేదు. ఇప్పటికీ తాటిదోనెల మీద తిరుగుతూ మావులు, ఊతలు వంటి వెదురు సాధనాలతో వేటాడే లంక గ్రామాలవారికి దొరికే మార్పే నమ్మదగిన మార్పు. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగి పల్లపు చేలు మునిగినప్పుడు కూడా, నీరు తీసిన తరువాత మడుగులలో ఇటువంటి నల్లచేపలు చిక్కుతాయి.

ఇక వంట సంగతి. నల్లచేపలను బ్రతికి ఉండగానే కొనాలి. గాలి పీల్చే చేప గంటల తరబడి ఒడ్డున బ్రతుకుతుంది కాబట్టి, చచ్చిన మార్పును అమ్ముతున్నారంటే అది పాతబడిందని అర్థం. ఇంటికి తెచ్చిన చేపను మూతగల తొట్టెలో, మంచినీటిలో ఒకటి రెండు రోజులు మేత లేకుండా ఉంచితే బురద వాసన చాలావరకు పోతుంది. ఆ వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని నాచు, కొన్ని సూక్ష్మజీవులు దీనిని తయారుచేస్తాయి, చేప దానిని మొప్పల ద్వారాను, చర్మం ద్వారాను ఒంట్లో చేర్చుకుంటుంది. పులుపు తగిలితే ఈ పదార్థం విరిగిపోతుంది. గోదావరి జిల్లాల గృహిణులు నల్లచేపకు చింతపండు పులుసునే ప్రధానమైన వంటగా ఎంచుకోవడంలో ఏ ప్రయోగశాలా లేని తెలివి ఉంది. రసాయన శాస్త్రం దానికి కారణాన్ని తరువాత చెప్పింది.

శుభ్రం చేసేటప్పుడు ముందుగా ప్రక్క ముళ్ళను మొదలంటా నరికివేయాలి. పొయ్యి బూడిద, రాళ్ళ ఉప్పు చల్లి, గరుకు రాతి మీద చేపను రుద్దితే జిగురు వదులుతుంది. బూడిద దొరకని పట్నపు ఇళ్ళలో ఉప్పుతోపాటు నానిన చింతపండు పిప్పిని వాడవచ్చు. తల వేరుచేసినా, ఉంచినా, దానిలోని ఎర్రటి శ్వాసాంగాన్ని మొప్పలతో సహా తీసివేయడం తప్పనిసరి, ఎందుకంటే బురద నిలిచేది అక్కడే. చర్మం తీయనక్కరలేదు, పులుసుకు చిక్కదనాన్ని ఇచ్చేది అదే. రెండంగుళాల ముక్కలుగా కోసి, పసుపు, ఉప్పు, కారం పట్టించి ప్రక్కన పెట్టాలి. అరకిలో చేపకు నిమ్మకాయంత చింతపండు, మూడు ఉల్లిపాయలు సరిపోతాయి. టోకు ఉల్లి వ్యాపారానికి పేరుపడ్డ తాడేపల్లిగూడెం ప్రక్కనే ఉండగా ఉల్లి విషయంలో పిసినారితనం తగదు. వెడల్పాటి మట్టి దాకలో నూనె కాగిన తరువాత మెంతులు చిటపటలాడించి, ఉల్లి ముద్ద, అల్లం వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి వేసి నూనె తేలేవరకు వేయించి, ధనియాలు, జీలకర్ర పొడులు కలిపి, చింతపండు పులుసు పోసి బాగా మరగనివ్వాలి. ముక్కలు ఆ తరువాతనే వేయాలి. ముక్కలు పడిన తరువాత గరిటె పెట్టకూడదు. దాకను రెండు చేతులతో పట్టుకొని గుండ్రంగా కదపాలి. చిన్న మంట మీద పది పదిహేను నిమిషాలలో ఉడికిపోతుంది. వేసవిలో పచ్చి మామిడి ముక్కలు వేసి చింతపండు తగ్గించుకోవచ్చు. వండిన పూట కంటే మరునాడు ఉదయం దీని రుచి ఎక్కువ.

ఇంత శ్రమకు ఫలితం ఏమిటంటే, మార్పు కండలో సన్నముళ్ళు ఉండవు. శీలావతి, బొచ్చె ముక్కలలో కండ మధ్య దాగి ఉండే చీలిన ముళ్ళు ఈ తెగ చేపలలో లేవు. నడుమ వెన్నెముక ఒక్కటే. పిల్లలకు, వృద్ధులకు భయం లేకుండా పెట్టవచ్చు. బెంగాల్‌లో జ్వరం తగ్గినవారికి మాగూర్‌తోగాని, ఇంగిలాయితోగాని చేసిన పలుచని పులుసును పథ్యంగా పెట్టడం తరతరాల ఆచారం. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల నుండి మంచు పెట్టెలలో లారీలకొద్దీ తెల్లచేప హౌరాకు వెళుతుంది. ఆ హౌరా ప్రజలే బ్రతికి ఉన్న మాగూర్‌కు శీలావతి కంటే ఎక్కువ ధర చెల్లించి కొంటారు. కొల్లేటి రైతు కలుపుగా చంపినదానిని కొల్లేటి చేపను తినే బెంగాలీ విలువైన ఆహారంగా చూస్తున్నాడన్నమాట.

కనుక ఏలూరు, తాడేపల్లిగూడెం సంతలలో చేపలు కొనేవారు మీసాలున్న నల్లచేపను చూడగానే క్యాట్‌ఫిష్ అని త్రోసిపుచ్చకుండా, అది బ్రతికి ఉందో లేదో, అరకిలో లోపు ఉందో లేదో, తలఎముక వెనుక ఒక మొన ఉందో మూడున్నాయో చూసి కొనాలి. మూడు మొనలున్న చేప ఎవరి చేతికైనా చిక్కితే దానిని జాలిపడి కాలువలో వదలకూడదు, మత్స్యశాఖవారికి తెలియజేయాలి.